వెనుక బండికీ బ్రేకు కావాలి!

సూర్యాపేట నుంచి కోదాడ వెళ్ళే దారిలో మునగాల ఉంది. ఊరి మీదుగా పోయేది హైదరాబాదునూ విజయవాడనూ కలిపే జాతీయ రహదారి. 2010కి ముందు దీనిది 9వ నంబరు, ఇప్పుడు 65వ నంబరు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో వరి పండే ప్రాంతమిది. కోతలు అయిపోయాయంటే చాలు, ధాన్యం నింపుకొన్న ట్రాక్టర్లు కొనుగోలు కేంద్రాల వైపు, మిర్యాలగూడ బియ్యం మిల్లుల వైపు బారులు తీరుతాయి.

తెలుగులో విజ్ఞానశాస్త్ర గ్రంథాలు వెలువరించిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి 1906లో హైదరాబాదులో మొదలైంది. దాని వెనుక నిలిచినవారు మునగాల రాజా నాయని వెంకటరంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు. అంతటి పేరున్న మునగాల రోడ్డు మీదనే ఈ నెల మనమొక భౌతికశాస్త్ర పాఠం నేర్చుకుందాం.

ఆగి ఉన్న ధాన్యం బండి ఒకటి కనిపిస్తే దగ్గరకు వెళ్ళి చూడండి. ట్రాక్టరుకు బ్రేకు పెడళ్ళు ఉంటాయి. మరి వెనుక ట్రాలీకి? దాని చక్రాల దగ్గరకు ఏదైనా గొట్టం వస్తున్నదా? తీగ వస్తున్నదా? చాలా ట్రాలీలకు ఏదీ ఉండదు. అంటే బరువంతా వెనుక ఉంటుంది, ఆపే సాధనం మాత్రం ముందు బండికే ఉంటుంది. దీనివల్ల వచ్చే చిక్కేమిటి? దానికి విద్యుచ్ఛక్తి చూపిన ఉపాయమేమిటి? ఆ ఉపాయం పనిచేయకపోతే లోపాన్ని ఎలా పట్టుకోవాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒక చిన్న లెక్క

ట్రాక్టరు ద్రవ్యరాశి 2,000 కిలోగ్రాములు, ధాన్యంతో నిండిన నాలుగు చక్రాల ట్రాలీది 5,000 కిలోగ్రాములు అనుకుందాం. బండి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు సుమారు 8.3 మీటర్ల వేగంతో పోతున్నది. కదిలే వస్తువు గతిజశక్తి దాని ద్రవ్యరాశిని వేగం వర్గంతో హెచ్చవేసి సగం చేస్తే వస్తుందని మీరు తరగతిలో చదివారు. ఆ ప్రకారం ఒంటరి ట్రాక్టరు శక్తి సుమారు 69,000 జౌళ్ళు. ట్రాలీతో కలిపితే 2,43,000 జౌళ్ళు.

ఈ శక్తినంతా హరించవలసింది ఘర్షణ. ట్రాక్టరు బ్రేకులు సాధారణంగా వెనుక పెద్ద చక్రాలకే ఉంటాయి. ఆ రెండు చక్రాల మీద 1,300 కిలోల బరువు పడుతున్నదనీ, పొడి తారు రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.6 అనీ తీసుకుందాం. అప్పుడు ఆ చక్రాలు ఇవ్వగల ఆపుడు బలం సుమారు 7,800 న్యూటన్లు. అంతకంటే గట్టిగా పెడలు తొక్కినా లాభం లేదు, చక్రాలు బిగుసుకుపోయి జారుతాయి.

శక్తిని బలంతో భాగిస్తే బండి ఆగే దూరం వస్తుంది. ఒంటరి ట్రాక్టరు సుమారు 9 మీటర్లలో ఆగుతుంది. నిండు ట్రాలీ వెంట ఉంటే 31 మీటర్లు పోతుంది! ప్రమాదాన్ని చూసి కాలు పెడలు మీదికి చేరేలోపు ఒక సెకను గడిస్తే, మరో 8 మీటర్లు కలుపుకోవాలి. వాన పడి రోడ్డు తడిస్తే ఘర్షణ తగ్గుతుంది, దూరం ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు ట్రాలీ చక్రాలకు కూడా బ్రేకులు అమర్చి, వాటిచేత 12,500 న్యూటన్ల బలం పనిచేయించామనుకోండి. ట్రాలీ బరువులో అది నాలుగో వంతు మాత్రమే. మొత్తం బలం 20,300 న్యూటన్లు అవుతుంది. బండి 12 మీటర్లలో ఆగుతుంది. 31 మీటర్లకూ 12 మీటర్లకూ తేడా 19 మీటర్లు. రోడ్డు దాటుతున్న పిల్లవాడు ఆ 19 మీటర్లలో ఎక్కడైనా ఉండవచ్చు.

తాడును తోస్తే ఏమవుతుంది?

చిక్కు దూరంతోనే తీరలేదు. ఒక గొలుసును గానీ తాడును గానీ నేల మీద పరచి ఒక కొస పట్టుకొని లాగండి. వంకరలన్నీ పోయి తిన్నగా వస్తుంది. అదే కొసను ముందుకు తోయండి. ఎక్కడో ఒకచోట మెలి తిరిగి పక్కకు పోతుంది. లాగితే తిన్నన, తోస్తే వంకర. ట్రాక్టరు, ట్రాలీ కూడా రెండే లింకులున్న గొలుసు వంటివి.

మామూలుగా పోతున్నప్పుడు ట్రాక్టరు ట్రాలీని లాగుతుంది. అంతా తిన్నగా నడుస్తుంది. డ్రైవరు బ్రేకు తొక్కగానే కథ తిరగబడుతుంది. ట్రాక్టరు నెమ్మదిస్తుంది, ట్రాలీ మాత్రం జడత్వం వల్ల అదే వేగంతో పోవాలని చూస్తుంది. హుక్కు దగ్గర ట్రాక్టరును వెనుకనుంచి తోస్తుంది. మన లెక్కలో ఈ తోపు సుమారు 5,600 న్యూటన్లు, అంటే 560 కిలోల బరువుతో సమానం. రెండూ ఒకే సరళరేఖలో ఉన్నంతవరకు ఫరవాలేదు. మలుపులోనో, పక్కకు తప్పుకొనేటప్పుడో, వంతెన దిగేటప్పుడో ట్రాక్టరు కొద్దిగా ఏటవాలుగా ఉంటే ఆ తోపు దాని వెనుక భాగాన్ని పక్కకు నెట్టుతుంది. రెండు బండ్లూ మడతకత్తిలా ముడుచుకుంటాయి. ట్రాక్టరు తిరగబడవచ్చు కూడా.

ట్రాలీకి బ్రేకులుండి 12,500 న్యూటన్ల బలం ఇస్తుంటే ఈ తోపు 2,000 న్యూటన్లకు పడిపోతుంది. బ్రేకు బలాన్ని ఇంకా బాగా పెంచితే తోపు సున్నా అవుతుంది. ఆ పైన పెంచితే ట్రాలీయే ట్రాక్టరును వెనక్కు లాగి పట్టుకుంటుంది. లాగితే గొలుసు తిన్నగా ఉంటుందని చూశాం కదా! అందుచేత ఎవరి బరువును వారు ఆపుకోవాలన్నది తోక బండ్ల బ్రేకులకు మొదటి సూత్రం.

ముందు బండి డ్రైవరు తొక్కిన తొక్కుడు వెనుక బండికి ఎలా అందాలి? పెద్ద లారీలలో అణచిన గాలి గొట్టాల గుండా అందుతుంది. కొన్ని ట్రాలీలకు నూనె ఒత్తిడితో పనిచేసే బ్రేకులుంటాయి. ఇంకొన్నింటిలో ట్రాలీ తోపునే వాడుకుంటారు. అది ముందుకు తోసినప్పుడు హుక్కు దగ్గర కమ్మీ లోపలికి జరిగి ట్రాలీ బ్రేకులను బిగిస్తుంది. నాలుగో దారి విద్యుత్తు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాలలో కార్ల వెనుక లాగే ఇల్లుబండ్లకు, పడవల బండ్లకు, గుర్రాల బండ్లకు ఈ పద్ధతి విరివిగా వాడుకలో ఉంది. తీగ ఒకటి కలిపితే చాలు, గాలి పంపు అక్కరలేదు, నూనె కారిపోతుందన్న బెంగ లేదు. మనకిక్కడ ఆసక్తి కలిగించే సంగతి ఏమిటంటే, ఇందులోని సూత్రాలన్నీ మీ బడి పాఠాలలోనివే.

డ్రమ్ము లోపల ఏముంది?

తీగలో విద్యుత్తు ప్రవహిస్తే దగ్గరి దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఆయర్‌స్టెడ్ గమనించాడు. ఇనుప కడ్డీకి తీగ చుట్టి విద్యుదయస్కాంతాన్ని చేసి 1825లో ఇంగ్లండులో స్టర్జన్ ప్రదర్శించాడు. స్పీడోమీటర్ల తయారీలో పేరు తెచ్చుకున్న ఆర్థర్ ప్రాట్ వార్నర్ ఆ అయస్కాంతాన్ని తోక బండి చక్రం లోపల పెట్టి, 1927లో అమెరికాలో ఎలక్ట్రిక్ బ్రేకుల కంపెనీ స్థాపించాడు.

మోటారు సైకిలు వెనుక చక్రానికి డ్రమ్ము బ్రేకు చాలామంది చూసే ఉంటారు. చక్రంతోపాటు తిరిగే గుండ్రని ఇనుప డబ్బా డ్రమ్ము. దాని లోపల చంద్రవంక ఆకారంలో రెండు బ్రేకు షూలు తిరగకుండా నిలిచి ఉంటాయి. షూల పైన గరుకైన లైనింగు అతికించి ఉంటుంది. షూలు విచ్చుకొని డ్రమ్ము గోడను ఒరుసుకుంటే చక్రం ఆగుతుంది. ఎలక్ట్రిక్ బ్రేకులోనూ ఇంతే. తేడా అల్లా షూలను విచ్చదీసే తీరులోనే ఉంది.

ఒక లివరు కొసకు చిన్న విద్యుదయస్కాంతం తగిలించి ఉంటుంది. డ్రమ్ము లోపలి చదునైన ముఖానికి అది ఆనీ ఆననట్లు ఉంటుంది. విద్యుత్తు ప్రవహించగానే అయస్కాంతం ఆ తిరుగుతున్న ఇనుప ముఖాన్ని గట్టిగా పట్టుకుంటుంది. చక్రం తిరుగుతూనే ఉంటుంది గనుక ఘర్షణ వల్ల అయస్కాంతాన్ని తనతో కొంచెం ఈడ్చుకుపోతుంది. అయస్కాంతంతోపాటు లివరు కదులుతుంది. లివరు రెండో కొస షూలను విచ్చదీస్తుంది.

ఇందులోని చమత్కారం గమనించారా? ఒక అయస్కాంతానికి 12 వోల్టుల వద్ద సుమారు 3 ఆంపియర్ల విద్యుత్తు చాలు. అంటే 36 వాట్లు, ఒక చిన్న బల్బు తినేంత! ఇంత చిన్న శక్తి టన్నుల బరువును ఎలా ఆపుతున్నది? అసలు ఆపేది ఆ విద్యుత్తు కాదు. అది పట్టు మాత్రమే ఇస్తుంది. లివరును ఈడ్చే బలం తిరిగే చక్రానిదే. చక్రం తన బలంతోనే తనను ఆపుకుంటున్నది.

దీని నుంచి ఇంకొక సంగతి బయటపడుతుంది. చక్రం తిరగకుండా నిలిచి ఉంటే అయస్కాంతాన్ని ఈడ్చేవారు లేరు. కనుక విప్పి నిలబెట్టిన ట్రాలీని పల్లంలో కదలకుండా పట్టి ఉంచడానికి ఈ బ్రేకును నమ్ముకోరాదు. చక్రాల కింద రాళ్ళో, చెక్క దిమ్మలో పెట్టవలసిందే.

డ్రైవరు పక్కనున్న పెట్టె

అయస్కాంతాలకు ఎప్పుడు, ఎంత విద్యుత్తు పంపాలో నిర్ణయించేది డ్రైవరు ముందు బిగించే చిన్న పెట్టె. దాన్ని కంట్రోలరు అంటారు. ఇది రెండు రకాలు. మొదటి రకం కాలాన్ని బట్టి పనిచేస్తుంది. పెడలు తొక్కగానే కొద్ది విద్యుత్తుతో మొదలుపెట్టి, ముందుగా నిర్ణయించిన హెచ్చు హద్దు వరకు క్రమంగా పెంచుతుంది. డ్రైవరు మెల్లగా తొక్కాడో, గట్టిగా తొక్కాడో దానికి తెలియదు.

రెండో రకం తెలివైనది. బస్సు ఆగేటప్పుడు మీరు ముందుకు తూలుతారు కదా! అలాగే దీనిలోని సున్నితమైన భాగం బండి ఎంత జోరుగా నెమ్మదిస్తున్నదో, అంటే రుణత్వరణం ఎంతో కనిపెడుతుంది. దానికి తగినంత విద్యుత్తును వెనక్కు పంపుతుంది. మెల్లగా తొక్కితే కొంచెం, గట్టిగా తొక్కితే ఎక్కువ.

ఈ పెట్టెకు రెండు మీటలుంటాయి. ఒకటి హద్దును సరిచేసే మర. రెండోది చేతి మీట. దాన్ని కదిపితే ముందు బండి బ్రేకు జోలికి పోకుండా వెనుక బండి బ్రేకులే పడతాయి. తోక బండి అటూ ఇటూ ఊగుతున్నప్పుడు అనుభవమున్న డ్రైవరు పెడలు తొక్కడు. ఈ మీటను మెల్లగా కదుపుతాడు. వెనుక బండి లాగి పట్టుకుంటుంది, గొలుసు తిన్నగా వస్తుంది.

సరిచేయడం: ముందు షూలు, తరువాత విద్యుత్తు

ఎలక్ట్రిక్ బ్రేకులను సరిచేయడంలో రెండు మెట్లున్నాయి. వరుస తప్పరాదు.

మొదటి మెట్టు డ్రమ్ము లోపలిది. లైనింగు అరిగేకొద్దీ షూకూ డ్రమ్ముకూ మధ్య సందు పెరుగుతుంది. అప్పుడు లివరు ఎక్కువ దూరం కదలవలసివస్తుంది, బ్రేకు ఆలస్యంగా, బలహీనంగా పడుతుంది. అందుకని ట్రాలీ కదలకుండా మిగిలిన చక్రాలకు దిమ్మలు పెట్టి, సరిచేయవలసిన చక్రాన్ని జాకీతో నేల నుంచి లేపి, కింద గట్టి ఆధారం పెడతారు. జాకీని మాత్రమే నమ్ముకొని బండి కిందకు ఎవరూ దూరరాదు. బ్రేకు వెనుక రేకులో ఉన్న చిన్న సందులోంచి పనిముట్టు దూర్చి, లోపలి పళ్ళ చక్రాన్ని తిప్పుతారు. షూలు విచ్చుకుంటాయి. చక్రాన్ని చేత్తో తిప్పడం కష్టమయ్యేదాకా బిగించి, తరువాత పళ్ళ చక్రాన్ని వెనక్కు తిప్పుతూ పోవాలి. చక్రం స్వేచ్ఛగా తిరుగుతూ, లైనింగు సన్నగా రాసుకుంటున్న చప్పుడు మాత్రం వినిపిస్తుంటే సరిపోయినట్లు. అన్ని చక్రాలకూ ఇలాగే చేయాలి. కొత్త షూలు వేసినప్పుడు సుమారు 300 కిలోమీటర్లు నడిచిన తరువాత ఒకసారి, ఆ పైన సుమారు 5,000 కిలోమీటర్లకొకసారి ఈ పని చేయాలి.

రెండో మెట్టు కంట్రోలరుది. మామూలుగా మోసేంత బరువు ట్రాలీలో వేసి, ఎవరూ లేని, పొడిగా, చదునుగా ఉన్న దారిలో గంటకు 30, 40 కిలోమీటర్ల వేగంతో పోతూ చేతి మీటను పూర్తిగా కదుపుతారు. ట్రాలీ చక్రాలు బిగుసుకుపోయి జారితే హద్దు ఎక్కువైనట్లు. దాన్ని తగ్గించాలి. ట్రాలీ వెనక్కు లాగినట్లే అనిపించకపోతే పెంచాలి. చక్రాలు బిగుసుకుపోవడానికి కొంచెం ఇవతల నిలిపితే సరి.

చక్రాలు బిగిస్తే బండి ఇంకా తొందరగా ఆగదా అని మీరడగవచ్చు. ఆగదు. జారుతున్న టైరుకు, దొర్లుతున్న టైరుకంటే రోడ్డు మీద పట్టు తక్కువ. పైగా జారే టైరు పక్కకు పోకుండా నిలవలేదు. దొర్లే చక్రానికి ఒక దిక్కు ఉంటుంది. జారే చక్రానికి అన్ని దిక్కులూ ఒకటే.

ఇంకొక మాట. నిండు బండికి సరిపోయిన హద్దు ఖాళీ బండికి ఎక్కువవుతుంది. ధాన్యం దింపి తిరిగివచ్చేటప్పుడు మరను మళ్ళీ తగ్గించాలి. బరువు మారినప్పుడల్లా సరిచేయడం ఈ బ్రేకులకు తప్పని నియమం.

లోపం ఎక్కడ? విద్యుత్తు వెంట నడవండి

బ్రేకు పనిచేయకపోతే తెలిసినవారు అన్నీ విప్పి కూర్చోరు. బ్యాటరీ నుంచి బయలుదేరిన విద్యుత్తు కంట్రోలరు, తీగ, ప్లగ్గు, అయస్కాంతం మీదుగా తిరిగి బ్యాటరీకి చేరాలి. వలయం పూర్తయితేనే ప్రవాహం. కనుక ఎక్కడిదాకా వచ్చింది, ఎక్కడ ఆగింది అని వెతుక్కుంటూ పోతారు. దీనికి అమ్మీటరు, వోల్టుమీటరు, ఓం నియమం చాలు.

ఒక్కొక్క అయస్కాంతం నిరోధం 4 ఓములు అనుకుందాం. 12 వోల్టుల వద్ద 3 ఆంపియర్లు. రెండు అయస్కాంతాలు సమాంతరంగా కలిపి ఉంటాయి గనుక మొత్తం 6 ఆంపియర్లు రావాలి. అమ్మీటరును ప్రధాన తీగలో శ్రేణిలో కలిపి చేతి మీటను పూర్తిగా కదపండి. ముల్లు 6 దగ్గర నిలిస్తే విద్యుత్తు వైపు అంతా బాగున్నట్లు. లోపం షూలలోనో లైనింగులోనో ఉంది. ముల్లు సున్నా దగ్గరే ఉంటే వలయం ఎక్కడో తెగింది. ఫ్యూజు, ప్లగ్గు, తీగ వరుసగా చూడాలి. 3 చూపిస్తే రెండు అయస్కాంతాలలో ఒకటి పనిచేయడం లేదు. 6కు మించి చాలా ఎక్కువ చూపిస్తే తీగ ఎక్కడో ఒరుసుకొని ఇనుప చట్రానికి తగులుతున్నది.

అన్నిటికంటే మాయలమారి లోపం 4 ఆంపియర్లు చూపించేది. తీగ తెగలేదు, అయస్కాంతాలు చెడలేదు, అయినా బ్రేకు బలహీనంగా ఉంది. కారణమేమిటి? ప్లగ్గులో తుప్పు. తుప్పుపట్టిన అతుకు 1 ఓము నిరోధం కలుపుతుందనుకోండి. రెండు అయస్కాంతాల ఉమ్మడి నిరోధం 2 ఓములు, దానికి ఈ 1 కలిపితే 3 ఓములు. 12ను 3తో భాగిస్తే 4 ఆంపియర్లు. ఒక్కొక్క అయస్కాంతానికి 3కు బదులు 2 ఆంపియర్లే అందుతాయి. 12 వోల్టులలో 4 వోల్టులు తుప్పే మింగేసింది!

వోల్టుమీటరుతో దీన్ని పట్టుకునేటప్పుడు జాగ్రత్త. అయస్కాంతాన్ని విప్పి, ఉత్త తీగ కొసల దగ్గర కొలిస్తే మీటరు పూర్తి 12 వోల్టులే చూపిస్తుంది. ప్రవాహం లేనప్పుడు తుప్పు మింగేది ఏమీ ఉండదు. అయస్కాంతం కలిపి, విద్యుత్తు ప్రవహిస్తుండగా కొలిస్తే 8 వోల్టులు కనిపిస్తాయి. పని చేస్తున్నప్పుడే లోపం బయటపడుతుందన్నమాట. సన్నని తీగ వాడినా ఇదే జరుగుతుంది. అందుకే బ్రేకు తీగ లావుగా ఉండాలి. విద్యుత్తు తిరిగివచ్చే దారిగా తుప్పుపట్టిన హుక్కును వాడకూడదు, దానికి వేరే తీగ వేయాలి.

బ్రేకు తొక్కినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంటే రెండు చక్రాల బ్రేకులూ సమానంగా లేవు. ఎడమ అయస్కాంతం అతుకులో 2 ఓముల తుప్పు చేరితే దానికి 2 ఆంపియర్లు, కుడిదానికి 3 ఆంపియర్లు. బండి కుడికి లాగుతుంది. విద్యుత్తు రెండింటికీ సమానంగానే ఉంటే డ్రమ్ము విప్పి చూడాలి. ఇరుసు గ్రీజు కారి లైనింగుకు అంటిందేమో! గ్రీజు పీల్చుకున్న లైనింగు మళ్ళీ పనికిరాదు. రెండు పక్కలా కొత్తవి వేయాలి, ఒక్క పక్కనే వేస్తే మళ్ళీ అసమానతే.

బ్రేకు ఒకసారి పడి ఒకసారి పడకపోతే ఎక్కడో తీగ వదులుగా ఉంది. రోడ్డు కుదుపులకు తగులుతూ, విడిపోతూ ఉంటుంది. ప్రయాణం తరువాత ఒక చక్రం దగ్గర విపరీతమైన వేడి ఉంటే అక్కడ షూ వెనక్కు రాకుండా ఒరుసుకుంటూనే ఉంది. అయస్కాంతం ముఖం ఒక వైపే అరిగినా, లోపలి రాగితీగ బయటపడినా దాన్ని మార్చవలసిందే.

పిన్ను ఊడిపోతే?

హుక్కు తెగి ట్రాలీ విడిపోతే తీగ కూడా తెగుతుంది. అప్పుడు దానికి విద్యుత్తు ఎవరిస్తారు? దీనికోసం తోక బండి మీదనే చిన్న బ్యాటరీ, ఒక స్విచ్చి పెడతారు. స్విచ్చిలో ప్లాస్టిక్ పిన్ను దూర్చి, దాన్ని తీగతాడుతో ముందు బండికి కడతారు. బండ్లు విడిపోతే తాడు పిన్నును లాగేస్తుంది, స్విచ్చి లోపలి రేకులు కలుసుకుంటాయి, బ్రేకులు వాటంతటవే పడతాయి. ఆస్ట్రేలియా నిబంధనల ప్రకారం 750 కిలోలు దాటిన తోక బండికి బ్రేకులుండాలి, 2,000 కిలోలు దాటితే అన్ని చక్రాలకూ బ్రేకులు, ఈ విడిపోయే స్విచ్చి కూడా ఉండాలి. మన లెక్కలోని ధాన్యం ట్రాలీ బరువు 5,000 కిలోలని గుర్తుచేసుకోండి!

మీరే చేసి చూడండి

ఒక పెద్ద ఇనుప మేకుకు ఎనామిల్ పూత ఉన్న సన్నని రాగి తీగను 60 చుట్లు చుట్టండి. తీగ రెండు కొసల పూతను గీకి, టార్చిలైటు సెల్లుకు కలపండి. మేకు ఎన్ని గుండుసూదులను ఎత్తుతుందో లెక్కపెట్టండి. తరువాత వలయం మధ్యలో పెన్సిలు ముక్క నల్లని సీసాన్ని శ్రేణిలో కలపండి. మళ్ళీ లెక్కపెట్టండి. సూదులు తగ్గుతాయి. ఆ పెన్సిలు సీసమే ప్లగ్గులోని తుప్పు, మేకే బ్రేకు అయస్కాంతం. తీగ వేడెక్కుతుంది కాబట్టి సెల్లును కొద్ది సెకన్లకు మించి కలిపి ఉంచకండి. ఇంటి కరెంటుతో ఈ ప్రయోగం ఎంతమాత్రం చేయరాదు.

బ్రేకులేని ట్రాలీ మాటేమిటి?

రేపు ఉదయానికల్లా ప్రతి ట్రాలీకీ బ్రేకులు రావు. అంతవరకు మనకున్నదేమిటి? మొదటి లెక్కనే మళ్ళీ చూడండి. శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. 30 కిలోమీటర్ల వేగంలో 31 మీటర్లు పోయే ఆ నిండు బండి, 15 కిలోమీటర్ల వేగంలో 8 మీటర్లలోపే ఆగుతుంది. వేగం సగమైతే దూరం నాలుగో వంతు! బ్రేకులేని బరువుకు తక్కువ వేగమే బ్రేకు.

రెండోది, ట్రాక్టరు పెడళ్ళ సంగతి. పొలంలో చిన్న జాగాలో మలుపు తిప్పడానికి వీలుగా ఎడమ చక్రానికొకటి, కుడి చక్రానికొకటి విడి పెడళ్ళుంటాయి. రోడ్డెక్కే ముందు రెండింటినీ కలిపే కొక్కెం వేయాలి. వేయకపోతే తొందరలో కాలు ఒక్క పెడలు మీదే పడుతుంది, ఒక్క చక్రమే ఆగుతుంది, ట్రాక్టరు గిర్రున తిరుగుతుంది. వెనుకనుంచి ట్రాలీ తోపు దానికి తోడవుతుంది.

మీ ఇంట్లోనో, మీ వాడకట్టులోనో ట్రాక్టరు ఉంటే, అది ఆగి ఉన్నప్పుడు నాలుగు సంగతులు చూడండి. పెడళ్ళను కలిపే కొక్కెం పనిచేస్తున్నదా? హుక్కు పిన్ను ఊడకుండా అడ్డు క్లిప్పు ఉన్నదా? ట్రాలీ వెనుక చీకట్లో మెరిసే ఎర్ర పట్టీలు ఉన్నాయా? నిలిపినప్పుడు చక్రాల కింద పెట్టడానికి దిమ్మలున్నాయా? లేనివి ఏవో కాగితం మీద రాసి పెద్దవాళ్ళకు చూపించండి. ఎందుకని వారడిగితే, 9 మీటర్లు, 31 మీటర్ల లెక్క వారి ముందే వేసి చూపించండి. ద్రవ్యరాశుల అంకెలు మాత్రం మీ సొంత బండివి వేసుకోండి.